ఎదురింటి నుంచి కూడా పనిచేసే రిమోట్

ఇంట్లో టీవీకి తగిలించిన కంప్యూటర్ ఉన్నవాళ్ళందరూ దానికి వెంటనే ఒక రిమోట్ పెట్టించుకోవాలని నా సలహా. అది సరిగ్గా పనిచేయకపోతే ఇంకా మంచిది. ఎదురింటివాళ్ళ చేతిలో కూడా పనిచేసే రకం దొరికిందా, ఇక ఆ ఇల్లు పెట్టి పుట్టినట్టే!

నవ్వకండి. నేను తమాషాకి చెప్పడం లేదు. తమాషాలకి నాకు తీరికెక్కడిది? పొద్దున లేచింది మొదలు గ్యాస్ కట్టేశానా లేదా, పైకప్పు పెంకు ఏదైనా జారిందా, పెరట్లో మట్టి బాన మీద మూత ఉందా, మూత లేకపోతే అందులో దోమలు గుడ్లు పెట్టాయా, పెడితే ఆ జ్వరం ముందు ఎవరికి వస్తుంది, ఇవన్నీ చూసుకోవాలి. దేన్ని చూసినా ముందు అందులో ప్రమాదమే కనిపిస్తుంది నాకు. అలాంటిదాన్ని ఒక వస్తువును మంచిదంటున్నానంటే, మీరు కాస్త ఆగి వినాలి.

మాది కమగ్వేయ్ అనే ఊరు. సన్నటి వీధి. ఇటు కిటికీలో తుమ్మితే అటు కిటికీలోంచి చిరంజీవ అంటారు. కిటికీలు కూడా తలుపులంత పొడుగు, నేల దాకా ఉంటాయి, అడ్డం ఇనుప కమ్మీలే. ఈ ఉక్కకి వాటిని మూసుకుని బతికేవాళ్ళు లేరు. మా ఇంట్లో ఏం వండానో, ఎందుకు మాడిందో ఎదురింటి గ్రిసెల్డాకి నాకంటే ముందే తెలుస్తుంది. ఆవిడ బట్టలు కుడుతుంది. కుట్టేటప్పుడు కళ్ళు సూది మీద, చెవులు మా ఇంట్లో.

మా అబ్బాయి పేరు యోర్దెనిస్. ముప్పై ఆరేళ్ళు. రైల్వే షెడ్డులో వైర్ల పని. పెళ్ళాంతో తెగతెంపులైనప్పుడు పంపకాల్లో ఆవిడకి ఇల్లు, మంచం, కుక్క వెళ్ళాయి. వీడికి టీవీ, కంప్యూటర్ వచ్చాయి. ఆ రెంటినీ సైకిల్ రిక్షాలో వేసుకుని నా ఇంటికి వచ్చాడు. ముందు గదిలో టీవీ పెట్టి, పక్కన కంప్యూటర్ పెట్టి, ఎదురుగా పీట వేసుకుని, మౌస్ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. రెండేళ్ళు అలాగే కూర్చున్నాడు.

ఆ రెండేళ్ళూ నేను చూసింది వాడి వెనక తల. కుడి చెవి వెనక రెండు తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయో చెప్పమంటే చెబుతాను. మొహం సంగతి మాత్రం అడక్కండి.

సోమవారం సోమవారం ఒకాయన డిస్కు పట్టుకుని వీధిలోకి వస్తాడు. అందులో లోకంలోని సినిమాలూ సీరియళ్ళూ పాటలూ ఆటలూ వారానికి సరిపడా మూటకట్టి ఉంటాయి. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకుంటే మళ్ళీ సోమవారం దాకా మనిషికి దిగులుండదు. దిగులంతా నాది. ఒక మనిషి సోమవారం నుంచి సోమవారం దాకా మెడ చాపి కూర్చుంటే ఆ మెడ అలాగే బిగుసుకుపోదా? మాటలు వాడక నాలుక మొద్దుబారదా? రేపు నేను పోతే, నేను పోయానని వీడికి చెప్పేదెవరు? చెప్పినా వింటాడా?

"భోజనానికి రా" అంటే "ఊఁ." "ఒళ్ళు వెచ్చగా ఉందా" అంటే "ఊఁ." ఒకసారి పరీక్షకని "ఒరే, ఇల్లు తగలబడుతోంది" అన్నాను. "ఊఁ, ఈ ఒక్కటి చూసి వస్తా" అన్నాడు.

కరెంటు పోయినప్పుడు మాత్రమే నాకు కొడుకు ఉండేవాడు. దీపం ఆరగానే లేచి, తడుముకుంటూ వాకిట్లోకి వచ్చి, నా పక్కన ఊగే కుర్చీలో కూర్చుని "ఏమ్మా, ఈసారి మామిడి బాగా కాసిందా" అని అడిగేవాడు. వీధంతా కరెంటువాళ్ళని తిట్టుకుంటుంటే, నేను మాత్రం చీకట్లో పునీత లాజరుగారికి దణ్ణం పెట్టుకునేదాన్ని. కానీ చీకట్లో మొహం కనపడదు కదా.

నాకు కావలసింది ఒక్కటే. వెలుతురు ఉండగా వాడు తల తిప్పి ఒక మనిషి మొహంలోకి చూడాలి. నా మొహమైనా సరే, ఇంకొకరిదైనా సరే. ఈ వయసులో అంతకంటే పెద్ద కోరికలు కోరితే లాజరుగారికి మాత్రం వేరే పనులుండవా?

అప్పుడు దిగింది రిమోట్.

"అమ్మా, పీట మీద కూర్చుంటే నడుం పట్టేస్తోంది" అన్నాడు ఒకరోజు తెరతో. "రిమోట్ ఒకటి చేసుకుంటే వెనక్కి జరిగి నీ పక్కన కుర్చీలో కూర్చోవచ్చు."

నీ పక్కన, అన్నాడు. ఆ మాటకి నేను ఆ పూట దాచుకున్న కాఫీ పొడంతా పోసి కాఫీ పెట్టాను.

రిమోట్ చేసుకోవడమేమిటి, దుకాణంలో కొనుక్కోవచ్చు కదా అని మీరనవచ్చు. మా దుకాణాలు మీరు చూడలేదన్నమాట. మా పెరట్లో పాత టీవీ ఒకటుంది. ఒకప్పుడు మా వీధి వీధంతటికీ ఒకే లారీలో వచ్చి దిగిన టీవీల్లో మాది ఒకటి. ఏళ్ళ క్రితమే దానికి బొమ్మ పోయింది. దాని రిమోట్‌ను మాత్రం నేను కొన్ననాడే ప్లాస్టిక్ కవరులో పెట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంచాను. యజమాని పోయినా అది కొత్త పెళ్ళికూతురిలా అలాగే ఉంది.

యోర్దెనిస్ ఆ చచ్చిన టీవీ గుండెలు విప్పి, అందులోంచి చిక్కుడు గింజంత నల్లటి కన్నొకటి పీకాడు. మూడు కాళ్ళున్నాయి దానికి. ఆ మూడు కాళ్ళకీ మూడు వైర్లు అతికి, కంప్యూటర్ వీపులోకి దూర్చి, కన్నును నా పౌడరు డబ్బాలో పెట్టి, డబ్బాకి కన్నం పొడిచి టీవీ మీద కూర్చోబెట్టాడు. రిమోట్ నొక్కితే అందులోంచి కిరణాలు వస్తాయట. ఆ కన్ను వాటిని పట్టుకుని కంప్యూటర్‌కి చెబుతుందట.

"ఏ కిరణాలు? నాకేం కనపడ్డం లేదే."

"కంటికి కనపడవమ్మా."

"కనపడకపోతే ఎక్కడ తగులుతున్నాయో ఎలా తెలుస్తుంది?"

"తగిలినా ఏం కాదు. ఒంట్లోంచి వచ్చే వేడి లాంటిదే అది."

"అంటే జ్వరమన్నమాట."

"అమ్మా, పక్కకి జరుగు."

ఆ రోజు నుంచి ముందు గది దాటాలంటే నేను వంగి దాటేదాన్ని. మూలింటి క్రెసెన్సియో గారి గుండెలో డాక్టర్లు చిన్న యంత్రమొకటి పెట్టారు. ఆయన కాఫీకి వస్తే కన్నుకీ కుర్చీకీ మధ్య ఇస్త్రీ బల్ల నిలబెట్టేదాన్ని. ఆపే మీట నొక్కితే సినిమాతో పాటు పెద్దాయన కూడా ఆగిపోతే, ఆయన పెళ్ళానికి ఏం సమాధానం చెప్పుకోను?

ఇక్కడే మొదలైంది రిమోట్ చేసిన మేలు. ఊరికే తగిలిస్తే కంప్యూటర్‌కి ఏమీ అర్థం కాదట. ఒక్కో మీటా నొక్కి చూపించి, ఇది ఆపడానికి, ఇది కిందికి దిగడానికి, ఇది ముందుకి దూకడానికి అని పేరు పేరునా నేర్పాలట. తెర చూడ్డానికి ఒకరు, మీట నొక్కడానికి ఒకరు. ఇంట్లో ఇంకెవరున్నారు?

"వత్తమ్మా."

వత్తాను.

"వదులు."

వదిలాను.

"మళ్ళీ వత్తు. గట్టిగా. వత్తి పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు. అదేంటి, వదిలేశావ్?"

"తుమ్ము వచ్చిందిరా."

"సరే, మొదటి నుంచి."

రెండేళ్ళలో మేమిద్దరం అంత మాట్లాడుకున్నది ఆ ఆదివారమే. తెర మీద చుక్కలు వరసగా పేరుకోవాలి. అవి పూర్తిగా పేరుకోకపోతే కంప్యూటర్ అలిగి అన్నీ చెరిపేసేది. "మళ్ళీ మొదటి నుంచి" అని వాడు నెత్తి కొట్టుకునేవాడు. నేను పైకి అయ్యో అన్నాను. లోపల మాత్రం, ఈ కంప్యూటర్ ఎవరు చేశారో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి అనుకున్నాను. అలా ఆదివారాలు గడిచాయి. ఏ మీట దేనికో నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చేసింది. అన్నిటికంటే కింద ఆకుపచ్చది ఒకటుంది. పాత టీవీలో దానికి ఏ పనీ లేదు. దానికి "ఆపు" అని పేరు పెట్టాం. నొక్కితే సినిమా ఆగుతుంది, ఇంకోసారి నొక్కితే కదులుతుంది.

అయ్యా, చదువుకున్నవాళ్ళు మీరే చెప్పండి. ఏ సైంటిస్టు, ఏ డాక్టరు, ఏ పెళ్ళిళ్ళ పేరయ్య తల్లీకొడుకులను ఆదివారాల తరబడి ఎదురెదురుగా కూర్చోబెట్టగలడు? మూడు కాళ్ళ కన్ను ఒకటి ఆ పని చేసింది. అదే కొత్తగా డబ్బా విప్పి తగిలించగానే పనిచేసే రిమోట్ అయితే, నాకు దక్కేది అట్ట డబ్బా ఒక్కటే.

చివరికొక సాయంత్రం అది పనిచేసింది. యోర్దెనిస్ పీట తన్నేసి, వెనక్కి జరిగి, ఊగే కుర్చీలో నా పక్కన కూర్చుని, రాజుగారిలా చెయ్యి చాపి మీట నొక్కాడు. సినిమా కదిలింది. నేను పక్కకి చూశాను. వాడి చెవి కనిపించింది. రెండేళ్ళ వెనక తల తరవాత చెవి. అభివృద్ధి కాదా ఇది?

మర్నాడే దయ్యం పట్టింది.

సినిమా మంచి పట్టులో ఉండగా బొమ్మ ఆగిపోయింది. ఎవరూ నొక్కలేదు. రిమోట్ వాడి ఒళ్ళో, కవరులో, ఏమీ ఎరగనట్టు ఉంది. కదిలిస్తే కదిలింది. కాసేపటికి మళ్ళీ ఆగింది. కొన్నిసార్లు ఆగడం కాదు, రెండు సీన్లు దాటి ఎగిరి దూకింది. దూకిన చోట హీరో చచ్చిపడి ఉన్నాడు. ఎవరు చంపారో నాకు ఇప్పటికీ తెలియదు.

"ట్యూబులైటు వల్లమ్మా. దాని వెలుతురు కన్నుకి చిరాకు తెప్పిస్తుంది" అన్నాడు. ట్యూబులైటు ఆర్పేశాం. చీకట్లో వంగి నడిస్తే మోకాలు కుర్చీకి తగిలి వాచింది. దయ్యం మాత్రం పోలేదు. ఎండ పడుతోందన్నాడు, దుప్పటి కట్టాను. నా జాకెట్టు మెరుస్తోందన్నాడు, విప్పి పాతది వేసుకున్నాను. చివరికి వాడి చూపు లాజరుగారి విగ్రహం ముందు కొవ్వొత్తి మీద పడింది.

"అమ్మా, అది తియ్యాలి."

"ఏది?"

"కొవ్వొత్తి. మంటలోంచి కూడా అవే కిరణాలు వస్తాయి."

"మీ తాత పోయినప్పటి నుంచి ఆరలేదురా అది."

"ఆర్పమనలేదు. వంటింట్లో పెట్టు."

చంకలో కర్రలు, కాళ్ళ దగ్గర కుక్కలతో ఉన్న లాజరుగారిని ఎత్తుకెళ్ళి ఉల్లిపాయల పక్కన పెట్టాను. ఆ పూట నేను పడ్డ భయం పగవాళ్ళకి వద్దు. చేతికర్రల మీద నడిచే పెద్దమనిషిని గది మార్చితే ఎవరి కాలు విరుగుతుందో అని రోడ్డు మీద పోయేవాళ్ళనందరినీ చూస్తూ కూర్చున్నాను. సినిమా మళ్ళీ ఆగింది.

ఇక నాకు సంగతి అర్థమైపోయింది. మా ఆయన. ఆయన పోయి ఆరేళ్ళయింది. బతికున్నప్పుడు కూడా ముద్దులొచ్చే చోట లేచి నిలబడి "చాలు, ఆపండి" అనేవారు. కానీ బొమ్మ ముద్దుల దగ్గర ఆగడం లేదు. వంటవేళకి ఆగుతోంది. పది నిమిషాలు మేం కదపకుండా వదిలేస్తే తనంతట తనే కదులుతోంది. ఆయన బతికినన్నాళ్ళూ వంటింటి గడప తొక్కలేదు, పోయాక వంటవేళ ఎలా తెలుస్తుంది?

ఒక సాయంత్రం సినిమా అయిపోయింది. పేర్లు వరసగా వచ్చి, తెర మీదికి సినిమాల జాబితా వచ్చింది. యోర్దెనిస్ గ్లాసెడు నీళ్ళు తాగుతున్నాడు. రిమోట్ కుర్చీలో ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. మా కళ్ళముందే జాబితాలో గీత మెల్లిగా కిందికి దిగింది. ఒకటి, ఇంకొకటి. యుద్ధం సినిమా దాటింది, కార్ల సినిమా దాటింది, ఒక ప్రేమ సినిమా మీద ఆగింది. కాసేపు ఆలోచించుకుంది. ఆ సినిమా మొదలైంది.

నేను లాజరుగారి పేరెత్తి కెవ్వుమన్నాను.

అప్పుడు జరిగిందండీ. మా అబ్బాయి తల తిప్పాడు. నా వైపు కాదు, వీధి వైపు. ఎదురింటి కిటికీలో, కమ్మీల వెనక, నేల మీద కాళ్ళు చాపుకుని ఒకమ్మాయి కూర్చుని ఉంది. గ్రిసెల్డా కూతురు యాకెలీన్. పళ్ళ ఆస్పత్రిలో నర్సు. ఆమె కూడా మొగుడితో పడక ఆ మధ్యే పుట్టింటికి వచ్చింది. చేతిలో రిమోట్ ఉంది. దానికి కూడా అచ్చం మా దాని లాగే ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు.

ఒకే లారీలో వచ్చిన టీవీలు మరి. వీధిలో అందరి టీవీ ఒకటే, అందరి రిమోట్ ఒకటే. రైల్వే ఇంజన్లకి వైర్లు వేసే మా వాడికి ఆ మాట తట్టలేదు. మా లాజరుగారిని ఉల్లిపాయల్లో పడేయడం తట్టింది.

"ఏమండీ" అన్నాడు యోర్దెనిస్ కమ్మీలు పట్టుకుని. "అది నా కంప్యూటర్."

"తెలుసు. కానీ సినిమా ఎంచుకోవడం మీకు రాదు" అంది యాకెలీన్. "వారం నుంచి చూస్తున్నా, ఒకటే కాల్పులు."

"రోజూ ఆపుతున్నది మీరేనా?"

"పొయ్యి మీద చిక్కుళ్ళుంటే ఆపక ఏం చేయమంటారు? నేను కలిపి వచ్చేలోగా సగం అయిపోతుంది."

"అసలు మీకెలా తెలిసింది ఇది?"

"మా అమ్మ తన టీవీకి సౌండు పెంచినప్పుడల్లా మీ సినిమా దూకేది. చూసి చూసి ఒక్కో మీటా నొక్కి కనిపెట్టా. ఆకుపచ్చది బాగా పెట్టారు, చేతికి అందుతుంది."

"మీ అమ్మ టీవీ మోతలో ఈ సినిమా మాటలు మీకు వినపడవు కదా."

"కింద అక్షరాలు వస్తాయిగా. అవి కాస్త పెద్దవి చేయండి. కళ్ళు చికిలించలేక చస్తున్నా."

లోపల్నించి గ్రిసెల్డా గొంతు వినిపించింది. "వదినా, మా పిల్లని ఏమీ అనకు. మా టీవీలో ఏముందని చూడమంటావు, చెరుకు దిగుబడి వార్తలు తప్ప."

అనడానికి నాకు తీరికేది? నేను మా అబ్బాయి మొహం చూస్తున్నాను. గడ్డం కింద చిన్న గాటు ఉంది, గీసుకునేటప్పుడు తెగినట్టుంది. కళ్ళ కింద నలుపు. నుదుటి మీద జుట్టు కాస్త వెనక్కి జరిగింది. అన్నీ వీధి దీపం వెలుతురులో, పక్క నుంచి. పైగా నవ్వుతున్నాడు. పళ్ళు బాగానే ఉన్నాయి, అది నర్సుకి కూడా కనపడి ఉంటుంది.

మర్నాడు అక్షరాలు గుమ్మడికాయలంతయ్యాయి.

క్రెసెన్సియో గారు వచ్చి, ఇస్త్రీ బల్ల వెనక కూర్చుని, "ఒరే అబ్బీ, వేరే రకం రిమోట్ పెట్టుకుంటే ఎదురింటి బాధ తప్పుతుంది కదా" అన్నారు.

"చూడాలి తాతా" అన్నాడు మా వాడు.

"చూసేదేముంది? మా ఇంట్లో ఫ్యాన్ రిమోట్ ఒకటి ఊరికే పడి ఉంది, ఇస్తాను."

"దానికి చాలా పనుంది తాతా. మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి."

పెద్దాయన నా వైపు చూశారు. నేను కాఫీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, ఆయన ఇంకేమీ అనకుండా నోటికి జామపండు హల్వా ముక్క అందించాను.

ఇప్పుడు చెప్పండి, ఇలాంటి రిమోట్ ఇంటికొకటి ఉండాలా వద్దా? ఇంటికే ఎందుకు, ఆఫీసుల్లో కూడా పెట్టాలంటాను. గుమాస్తా నుదుటి మీద అలాంటి కన్ను ఒకటి అతికించి, క్యూలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ఒక రిమోట్ ఇవ్వాలి. ఫోన్లో మాట్లాడుతుంటే ఆకుపచ్చది నొక్కడమే. మీటింగుల్లో పెట్టాలి. ఉపన్యాసం ఇచ్చేవాడు ఏ సీను దాకా వెళ్ళాలో ఎదురుగా కూర్చున్నవాళ్ళే చెబుతారు. ఎవరి రిమోట్ వాళ్ళకే పనిచేయాలనే పిచ్చి ఎవరు పుట్టించారో గానీ, దాని మూలంగా ఎంతమంది మంచి పిల్లలు ఒక్కో గదిలో ఒక్కరే కూర్చుండిపోయారో!

తరవాత మా వాడు ఎదురింటి రిమోట్‌లో ఏదో లోపం ఉందని చూడ్డానికి వెళ్ళాడు. మర్నాడు కూడా అదే లోపం. ఆ వారమంతా అదే లోపం. నేను లాజరుగారిని తెచ్చి ముందు గదిలో పెట్టి, ఈసారి రెండు కొవ్వొత్తులు వెలిగించాను. ఒకరికి తెగిన పెళ్ళి, ఇంకొకరికి తెగిన పెళ్ళి, రెండు తెగినవి కలిపి అతికితే నిలుస్తాయా అని భయం వేసింది. కానీ మూడు కాళ్ళ కన్నును అతికినవాడికి ఇదో లెక్కా అని సర్దిచెప్పుకున్నాను.

పోయిన వానాకాలంలో యోర్దెనిస్ ఎదురింటికి మారాడు. సైకిల్ రిక్షా కూడా అక్కర్లేకపోయింది. కంప్యూటర్ చంకలో, టీవీ నేనూ గ్రిసెల్డా చెరో పక్కా పట్టుకుని. నా పౌడరు డబ్బా కూడా వెళ్ళింది. బదులుగా గ్రిసెల్డా తన పాత టీవీ మా ఇంటికి పంపింది, రిమోట్‌తో సహా. "చెరుకు దిగుబడి నువ్వు చూసుకో వదినా" అని. అలా నా రిమోట్ అటు వెళ్ళింది, ఆవిడది ఇటు వచ్చింది, రెండిటికీ కవర్లు.

నేను సంతోషంగా ఉన్నాను. అది ముందు రాసుకోండి. నేను పోయాక చిక్కుళ్ళు ఎవరు వండుతారనే బెంగ తీరింది. వాడిప్పుడు పొద్దున షెడ్డుకి వెళ్తూ "అమ్మా, వెళ్తున్నా" అంటాడు. వీధిలోకి చూసి అంటాడు. సాయంత్రం వచ్చి "వచ్చా" అంటాడు. తరవాత ఎదురింటి కిటికీ వెనక రెండు ఊగే కుర్చీలు, టీవీ వైపు తిరిగి. ఇటు నుంచి చూస్తే రెండు వెనక తలలు. ఒకదాని కుడి చెవి వెనక తెల్ల వెంట్రుకలు ఇప్పుడు నాలుగయ్యాయి.

పిలిచి చూశాను. వీధికి అడ్డంగా, గొంతు పగిలేలా. "ఊఁ" అని వచ్చింది, అటు తిరిగే.

టీవీ మీద నా పౌడరు డబ్బా మాత్రం వీధి వైపే చూస్తోంది.

మా ముందు గదిలో ఉక్కగా ఉందని గ్రిసెల్డా ఇచ్చిన టీవీని కిటికీ పక్కకి జరిపించాను. గాలి కోసమే. దాని ఎదురుగా కూర్చుని రిమోట్ నొక్కితే, ఆ కిరణాలు టీవీ దగ్గరే ఆగుతాయా, కమ్మీల్లోంచి బయటికి పోతాయా, కంటికి కనపడనివి కదా, నేనెలా చెప్పగలను? ఎదురింట్లో బొమ్మ ఆగింది. వెనక తల ఒకటి కదిలింది. లేచి ట్యూబులైటు ఆర్పాడు. మళ్ళీ ఆగింది. గ్రిసెల్డా దేవుడి బల్ల మీది కొవ్వొత్తి వంటింట్లోకి వెళ్ళింది. ఎవరికి అనుమానం వచ్చినా మా వాడికి రాదు. వాడి దృష్టిలో అమ్మకి మీటలంటే భయం. ఆదివారాల తరబడి ఏ మీట దేనికో నాకు నేర్పింది ఎవరో వాడికి గుర్తులేదు.

యాకెలీన్‌కి మాత్రం అనుమానం వచ్చింది. రేషను కొట్టు దగ్గర నా సంచీ అందుకుని, చెవి దగ్గరగా అంది. "అత్తయ్యా, రోజూ భోజనాల వేళకి కిటికీ రెక్క తెరిచే ఉంచుతాను. మీ ఇష్టం. కానీ ముద్దుల దగ్గర మాత్రం ఆపకండి."

"నేనా? నేనేం చేశానమ్మా? చెరుకు దిగుబడి చూస్తుంటే సౌండు చాలక పెంచుకున్నాను."

"అవును" అంది. "ఆకుపచ్చ మీటతో."

ఆ సాయంత్రం బొమ్మ ఆగింది. యోర్దెనిస్ లైటు చూశాడు, కొవ్వొత్తి చూశాడు, డబ్బా ఎత్తి ఊదాడు. ఆఖరికి చెయ్యడానికి ఇంకేమీ లేక నడుం మీద చేతులు పెట్టుకుని వీధి వైపు తిరిగాడు. నిండా వెలుతురు. మొహం మొత్తం. గడ్డం కింద గాటు మానిపోయింది. బుగ్గలు కాస్త నిండాయి, చిక్కుళ్ళు ఒంటబట్టినట్టున్నాయి.

"అమ్మా" అన్నాడు. "ఆ కిటికీలో ఎందుకు నిలబడ్డావ్? చల్లగాలి, రొమ్ము పడిశం పడుతుంది. లోపలికెళ్ళు. తిన్నావా లేదా? ఆ చెవులకి గుడ్డేది?"

అన్నీ ఒకేసారి, ఆపకుండా. నా పోలికే.

అందుకే చెబుతున్నాను. పెట్టించుకోండి. ఎదురింటి నుంచి పనిచేసేదే అడిగి పెట్టించుకోండి. నా రిమోట్‌లో బ్యాటరీలు కాస్త నీరసించాయి. కొత్తవి ఇక్కడ దొరికే మాట కల్ల. ఈ పాతవాటినే పొద్దున్నే కిటికీ కమ్మీల దగ్గర ఎండలో పెట్టాలి. సాయంత్రం భోజనాల వేళ దాటేదాకా వస్తే చాలు.